పద్నాలుగు వేల చీటీలో రాయని వస్తువు

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది ముమ్మిడివరం దగ్గర పల్లె. మా ఆయన రొయ్యల చెరువుల మీద పనికి వెళతారు, నేను ఇంట్లో బట్టలు కుడతాను. మా పాపకు పదమూడేళ్ళు, ఎనిమిదో తరగతి, కళ్ళజోడు ఉంది. స్కూల్లో బాస్కెట్‌బాల్ జట్టుకు తీసుకున్నారు. సాయంత్రాలు వచ్చి నేర్పే కోచింగ్ అబ్బాయి కొనాల్సిన సామాను చీటీ రాసిచ్చాడు. హై నెక్ షూస్ 6,500, సొంత బంతి 2,200, మోకాలి ప్యాడ్లు 900, చీలమండలకు బ్రేసులు 1,600, చేతి స్లీవు, హెడ్‌బ్యాండ్ కలిపి 700, కోన్లు, అడుగుల సాధనకు నేల మీద పరిచే నిచ్చెన, డ్రిబ్లింగ్ గాగుల్స్ కలిపి 2,100. మొత్తం 14,000 రూపాయలు. ఇవన్నీ లేకపోతే ఆడనివ్వరా? మా అత్తగారేమో ఆడపిల్లకు కాలో చెయ్యో విరిగితే ఎవరిది పూచీ అంటున్నారు. ఇది చాలదన్నట్టు పదేళ్ళ మా బాబు పెరట్లో కొబ్బరిచెట్టుకు రింగు కట్టమని పేచీ. ఏం కొనాలో, ఏం మానాలో చెప్పండి.

సమాధానం: అమ్మా, చీటీని నేనూ ఓసారి కూడి చూశాను, లెక్క సరిపోయింది. కోచింగ్ అబ్బాయిని తప్పుపట్టను. ఆ వయసులో నేనూ ఇలాంటి చీటీలే రాశాను. పట్నం జట్ల పిల్లలు ఏం వేసుకుంటే మా పిల్లలకూ అవే ఉండాలనుకునేవాణ్ణి. ముప్పై ఏళ్ళ పైచిలుకు ఈ గోదావరి ఊళ్ళలో డ్రిల్లు మాస్టారుగా పనిచేశాక, ఇప్పుడు అదే చీటీ నా చేతికొస్తే సగం కొట్టేసి, అందులో లేనివి కొన్ని కలుపుతాను. పిల్ల ఒంటికి తగిలించేవన్నీ రాసిన అబ్బాయి, పిల్ల నెత్తిమీద నిలబడి ఉండే వస్తువును మర్చిపోయాడు. దాని సంగతి కాసేపాగి చెబుతాను. ముందు డబ్బు బాగా లాగే బూట్ల దగ్గర మొదలుపెడదాం.

బూట్లు కొనండి. మిగతా వాటిలో ఏది తగ్గించినా ఇది తగ్గించొద్దు. ఈ ఆటలో తిన్నగా పరిగెత్తడం తక్కువ. పక్కకు కోసుకుపోవడం, టక్కున ఆగడం, ఎగిరి దిగడం, ఇవే ఎక్కువ. రన్నింగ్ షూస్‌కు మడమ కింద ఎత్తుగా, మెత్తగా ఉంటుంది. తిన్నగా పరుగెత్తేవాళ్ళకు బాగానే ఉంటుంది గాని, పక్కకు తిరిగేసరికి ఆ ఎత్తు మీంచి కాలు దొర్లిపోతుంది. స్కూలు యూనిఫారంలోని తెల్ల కాన్వాసు బూట్లకు అడుగు పల్చన. సిమెంటు మీద దిగిన ప్రతిసారీ ఆ దెబ్బ మడమలోంచి మోకాలికి ఎక్కుతుంది.

అలాగని 6,500 పెట్టక్కర్లేదు. అమలాపురంలోనో కాకినాడలోనో కొట్టుకు వెళ్ళి బాస్కెట్‌బాల్ బూట్లే అడగండి. రెండున్నర, మూడున్నర వేల మధ్య పనికొచ్చేవి దొరుకుతాయి. బూటు చేతిలోకి తీసుకుని ముందూ వెనకా పట్టుకుని వంచండి. వేళ్ళ మొదలు దగ్గర వంగాలి. మధ్యలో అప్పడంలా మడతపడితే పక్కన పెట్టేయండి. వెనక మడమ చుట్టూ ఉండే గిన్నెలాంటి భాగాన్ని బొటనవేలితో నొక్కండి, గట్టిగా ఉండాలి. తిరగేసి చూస్తే అడుగున చేపముల్లులా వంకర గీతలు ఉండాలి, అవే నేలను పట్టుకునేవి. మీ పాప ఆడేది సిమెంటు కోర్టు మీద కాబట్టి ఆ రబ్బరు కాస్త మందంగా, గట్టిగా ఉన్నది చూడండి. లోపలి హాల్లో ఆడే మెత్తరబ్బరు బూట్లు సిమెంటు మీద మూడు నెలలకే నున్నబడిపోతాయి.

సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. ఆడేటప్పుడు వేసుకునే మేజోళ్ళతోనే తొడిగించి నిలబెట్టి చూడండి. బొటనవేలి ముందు ఒక వేలి వెడల్పు ఖాళీ ఉంటే చాలు. ఎదిగే పిల్ల కదా అని రెండు సైజులు పెద్దవి కొంటారు చాలామంది, నేను వద్దన్నా వినేవారు కాదు. లోపల కాలు అటూ ఇటూ జారి, బొబ్బలు లేచి, చివరికి చీలమండ మడతపడేది ఆ పిల్లలకే. హై నెక్ అయితే కాలు మెలికపడదని అందరూ అంటారు. బూటు మెడ ఎత్తు ఒక్కటే కాలిని కాపాడుతుందని పరిశోధనలు తేల్చలేదు, నా అనుభవమూ అంతే. మడమ దగ్గర పట్టు, పైదాకా బిగించి కట్టిన లేసులు, అసలు పని వాటిది. లేసు విప్పకుండా కాలు దూర్చి, విప్పకుండానే పీకేసే అలవాటు మాత్రం మానిపించండి.

ఆ బూట్లు కోర్టు మీదకే. స్కూలుకు చెప్పుల్లో వెళ్ళి, అక్కడ మార్చుకోమనండి. మన వానాకాలంలో తడిసిన బూటును ఎండలో పెట్టినా, పొయ్యి దగ్గర పెట్టినా జిగురు ఊడి అడుగు నోరు తెరుస్తుంది. పాత పేపర్లు ఉండచుట్టి లోపల కుక్కి, ఫ్యాను కింద పెట్టండి. మేజోళ్ళు కనీసం మూడు జతలు ఉండాలి. పూర్తి నూలువి చెమట పీల్చుకుని తడిగా అంటిపెట్టుకుంటాయి. నూలు, నైలాను కలిసినవి మేలు. వేళ్ళ సందుల్లో పాచిపోవడం ఎలా ఉంటుందో ఊడ్పుల రోజుల్లో నీళ్ళలో నిలబడ్డవాళ్ళకు తెలుసు, ఆ బాధ బూట్లలోనూ వస్తుంది.

ఇక బంతి. స్కూల్లో బంతులుంటే మొదటి ఏడాది సొంతది అక్కర్లేదు. ఇంటి దగ్గర సాధనకు కావాలనుకుంటే రబ్బరుదే కొనండి, 2,200 దాకా వెళ్ళొద్దు. లెదరు బంతి హాల్లో ఆడేది, మన సిమెంటు మీద పాడైపోతుంది. ధర కన్నా సైజు ముఖ్యం. పెద్ద మగపిల్లలు ఆడేది 7వ నంబరు. చుట్టుకొలత 75 నుంచి 77 సెంటీమీటర్లు, బరువు 580 నుంచి 620 గ్రాములు. మీ పాపకు కావలసింది 6వ నంబరు. అది 71.5 నుంచి 73 సెంటీమీటర్లు, 510 నుంచి 550 గ్రాములు. మీ బాబుకైతే 5వ నంబరు, 69 నుంచి 71 సెంటీమీటర్లు, అర కిలో లోపు. బంతి మీద నంబరు అచ్చు వేసే ఉంటుంది. చెరిగిపోయిందా, మీ చేతిలో టేపు ఉండనే ఉంది, లంగా నడుం కొలిచినట్టు చుట్టి చూసుకోండి.

ఇందులో ఒక తిరకాసుంది. ముగ్గురేసి ఆడే త్రీ ఆన్ త్రీ ఆట టోక్యో ఒలింపిక్స్‌తో ఒలింపిక్ క్రీడ అయ్యాక ఆ బంతులూ కొట్లలోకి వచ్చాయి. చుట్టుకొలత 6వ నంబరుదే, బరువు మాత్రం 7వ నంబరుది. పొరపాటున అది తెస్తే పిల్ల చెయ్యి లాగేస్తుంది. ఒక స్కూల్లో నేనే ఆడపిల్లలకు రెండేళ్ళు 7వ నంబరు బంతులతో ఆడించాను. ఉన్నవి అవే మరి. రింగుకు అందక గుండెల మీంచి నెట్టేవారు, పాసు అందుకోబోయి వేళ్ళు వెనక్కి మడుచుకునేవారు. 6వ నంబరు తెచ్చాక ఆ విసిరే తీరు మాన్పించడానికి ఇంకో ఏడాది పట్టింది. ఆ తప్పు నాదే.

గాలి ఎంత ఉండాలో పిన్ను గుచ్చే రంధ్రం పక్కన రాసి ఉంటుంది, సాధారణంగా 7 నుంచి 9 పౌండ్లు. మీటరు లేకపోతే పాప తన తల ఎత్తు నుంచి ఊరికే వదలమనండి, బంతి నడుం దాకా లేస్తే సరిపోయినట్టు. రాయిలా గాలి కొట్టిన బంతి వేళ్ళ కణుపులను దెబ్బతీస్తుంది. పిన్ను పొడిగా గుచ్చొద్దు. ఉమ్మితోనైనా సరే, తడిచేసి గుచ్చండి, లేకపోతే లోపలి వాల్వు చిరుగుతుంది.

మోకాలి ప్యాడ్లు, చేతి స్లీవు, హెడ్‌బ్యాండ్ కొట్టేయండి. ప్యాడ్ సిమెంటు మీద పడితే తోలు లేచిపోకుండా కాపాడుతుంది, అంతవరకే. పిల్ల పడటం ఎక్కువగా ఉంటే అప్పుడు చూద్దాం. మోకాలి చిప్ప కింద ఎముక బుడిపె దగ్గర నొప్పి అంటే అది ఎదిగే వయసులో గెంతడం ఎక్కువై వచ్చేది. ప్యాడ్ వేస్తే పోదు, గెంతులు తగ్గించి డాక్టరుకు చూపించాలి. స్లీవు అందానికి. చెమట కళ్ళలోకి కారకుండా చిన్న తువ్వాలు ఉంటే చాలు.

చీలమండ బ్రేసు సంగతి వేరు, దాన్ని అందం సామానులో కలపను. లేసులతో బిగించే రకం నిజంగా పనిచేస్తుంది, బెణుకులు తగ్గుతాయి. ముఖ్యంగా ఒకసారి మడతపడిన కాలు మళ్ళీ మళ్ళీ మడతపడుతుంది, వాళ్ళకు తప్పనిసరి. మీ పాపకు ఇంతకుముందు ఎప్పుడూ బెణకలేదంటే ఇప్పటికి ఆగండి. మందుల కొట్లో అమ్మే గొట్టంలాంటి సాగే పట్టీని బ్రేసు అనుకుని కొనొద్దు. అది వెచ్చగా ఉంటుంది గాని కాలును ఆపదు.

కోన్లకు బదులు పాత నీళ్ళ సీసాల్లో ఇసక పోసి పెట్టండి. నిచ్చెన సుద్దముక్కతో నేల మీద గీసుకోవచ్చు. డ్రిబ్లింగ్ గాగుల్స్ అంటే కిందికి చూపు ఆనకుండా అడ్డుపెట్టే ప్లాస్టిక్ ముక్క. దాని బదులు తమ్ముణ్ణి ఎదురుగా నిలబెట్టి వేళ్ళు చూపించమని, ఎన్ని వేళ్ళో చెబుతూ బంతి కొట్టమనండి. ఇద్దరికీ కాలక్షేపం. స్కిప్పింగ్ తాడు ఒకటి కొనండి. కాళ్ళకు ఇసక సంచులు కట్టుకుని గెంతమని ఎవరైనా చెబితే మాత్రం వద్దనండి.

చీటీలో లేని వాటిలో మొదటిది కళ్ళజోడు. మామూలు కళ్ళజోడుతో రీబౌండ్‌కు, అంటే రింగుకు తగిలి తిరిగొచ్చే బంతికి, ఎగిరితే ఎదుటి పిల్ల మోచెయ్యి తగిలి ఫ్రేము ముక్కలవుతుంది, ఆ ముక్కలు కంటి దగ్గరే ఉంటాయి. వెనకనుంచి లాస్టిక్ పట్టీ కట్టుకుంటే కళ్ళజోడు కింద పడదు గాని పగలకుండా ఉండదు. పాలీకార్బొనేట్ అనే సులువుగా పగలని ప్లాస్టిక్ అద్దాలతో, తలచుట్టూ పట్టీ ఉన్న స్పోర్ట్స్ గాగుల్స్ పవరు వేయించి ఇస్తారు. కళ్ళద్దాల షాపులో పాలీకార్బొనేట్ అనే మాట గట్టిగా చెప్పి అడగండి. బూట్ల తర్వాత మీరు డబ్బు పెట్టాల్సింది దీనికే.

రెండోది పళ్ళకు మౌత్‌గార్డ్. ఈ ఆటలో తప్పనిసరి కాదు, మన దగ్గర ఎవరూ వేసుకోరు కూడా. అయినా మోచేతులు సరిగ్గా నోటి ఎత్తులోనే తిరుగుతుంటాయి. వేడినీళ్ళలో ముంచి మెత్తబడ్డాక కొరికి పళ్ళ అచ్చుకు తెచ్చుకునే రకం కొన్ని వందల్లో వస్తుంది. పళ్ళకు క్లిప్పులు ఉంటే మాత్రం ఆ రకం వద్దు, పళ్ళ డాక్టరును అడగాలి. ఎప్పుడైనా శాశ్వత పన్ను ఊడి పడితే వేళ్ళతో వేరు ముట్టకుండా పైభాగం పట్టుకుని తీయండి. మట్టి అంటితే తోమొద్దు, కాస్త కడిగి పాలల్లో వేసి అరగంటలో డాక్టరు దగ్గరకు పరిగెత్తండి. బతికించే వీలుంటుంది. పొడిగుడ్డలో చుట్టి మర్నాడు తీసుకెళితే ఆశ వదులుకోవాల్సిందే.

బట్టలు మీరే కుట్టగలరు. నిక్కరుకు జేబులు పెట్టొద్దు, పరుగులో పక్కపిల్ల వేలు ఇరుక్కుంటుంది. చొక్కా లోపలికి దోపుకునేంత పొడవుంచండి. ఈ వయసు ఆడపిల్లకు స్పోర్ట్స్ బ్రా కావాలి. నేను చెప్పడానికి మొహమాటపడుతుంటే మా ఆవిడ రాయమని పక్కన కూర్చుంది. నొప్పి వల్ల ఆట మానేసి, కారణం మాత్రం చెప్పని పిల్లలు ఉంటారట.

కమ్మలు, గాజులు, పట్టీలు, మెడలో గొలుసు, ముంజేతికి కట్టిన దారాలు, ఏవీ కోర్టులోకి రాకూడదు. రూల్సూ ఒప్పుకోవు. జడకు ఇనప పిన్నులు కాకుండా రబ్బరు బ్యాండే వేయండి. గోళ్ళు ఆదివారం ఆదివారం కత్తిరించాలి. ఉంగరం సంగతి మరీ చెప్పాలి. నా దగ్గర ఆడిన ఓ కుర్రాడు ఎగిరి నెట్టును అందుకోబోయాడు. చేతి ఉంగరం నెట్టు తగిలించే కొక్కెంలో పడింది. ఒళ్ళు కిందికి దిగింది, ఉంగరం అక్కడే ఉండిపోయింది. వేలు దక్కింది గాని, ఇప్పటికీ ఆ వేలు పూర్తిగా ముడవలేడు.

ఇప్పుడు నెత్తిమీద నిలబడ్డదాని సంగతి. రింగును మోసే ఇనప పోల్.

2025 నవంబరు నెలాఖరులో హర్యానాలో రెండు వేర్వేరు చోట్ల, రోజుల తేడాతో, ఇద్దరు కుర్రాళ్ళు బాస్కెట్‌బాల్ పోల్ కూలి మీదపడి చనిపోయారు. ఒకడికి 16 ఏళ్ళు, ఇంకొకడికి 15. పదహారేళ్ళవాడు రోహ్‌తక్ జిల్లాలోని ఒక ఊళ్ళో ఒక్కడే సాధన చేసుకుంటున్నాడు. ఎగిరి రింగు పట్టుకున్నాడు, పోల్ విరిగి ఛాతీ మీద పడింది. జాతీయ స్థాయి ఆటగాడు. కాళ్ళకు మంచి బూట్లే ఉండి ఉంటాయి.

మన డెల్టాలో ఇనుము ఎంతకాలం నిలుస్తుందో సముద్రం పక్కన ఉండే మీకు నేను చెప్పక్కర్లేదు. కిటికీ ఊచలే నాలుగేళ్ళకు అట్టలు కడతాయి. స్కూలు పోల్ పాతికేళ్ళ కిందట వేసి ఉంటారు. ఉప్పుగాలి ఒకవైపు, నాలుగడుగులు తవ్వితే నీళ్ళు వచ్చే నేల ఇంకోవైపు. ముందు చెడేది ఇనుము సిమెంటు దిమ్మెలోకి దిగేచోటే. వాన నీళ్ళు అక్కడ నిలుస్తాయి. పైన గొట్టం మూతి తెరిచి ఉంటే నీళ్ళు లోపల నిండి, బయటికి కనబడకుండానే లోపలి నుంచి తినేస్తాయి. ఏటా రంగు వేసి బాగుచేశామంటారు. రంగు తుప్పును దాస్తుంది, అంతే.

మీరు ఓ సాయంత్రం పాపతో పాటు కోర్టుకు వెళ్ళండి. పోల్ మొదట్లో తాళంచెవితో గీకండి. పొడిలా రాలితే పైపై తుప్పు. పెచ్చులు పెచ్చులుగా ఊడితే అనుమానించాలి. చిన్న రాయితో మొదట్లోనూ నడుం ఎత్తులోనూ కొట్టి చూడండి, చప్పుడు రెండుచోట్లా ఒకేలా ఉండాలి. ఇద్దరు పెద్దవాళ్ళు పక్కకు నిలబడి తోస్తే దిమ్మె దగ్గర సందు కదలకూడదు. బోర్డు బోల్టులు, రింగు అతుకులు పైకెక్కి చూడాల్సినవి, ఆ పని పెయింటరుకు కాదు, వెల్డరుకు అప్పజెప్పాలి. తేడా కనిపిస్తే హెడ్మాస్టరు గారికి కాగితం మీద రాసివ్వండి. నోటిమాట అయితే మర్నాటికి మర్చిపోతారు. మీరొక్కరే వెళ్ళడానికి బెరుకైతే జట్టులో మిగతా పిల్లల తల్లుల్ని కలుపుకోండి. బాగుచేసేదాకా ఆ రింగు కింద ఆడనివ్వద్దు. పోల్ కొత్తదైనా సరే, రింగు పట్టుకుని వేలాడొద్దని ఇంట్లో కూడా చెప్పండి.

పోల్‌కు మెత్త కూడా ఉండాలి. అంతర్జాతీయ రూల్స్ ప్రకారం అది కోర్టు చివరి గీతకు కనీసం 2 మీటర్ల వెనక ఉండాలి, నేలనుంచి 2.15 మీటర్ల ఎత్తుదాకా ప్యాడింగ్ ఉండాలి. మన స్కూళ్ళలో చాలాచోట్ల గీత మీదే నిలబెట్టేస్తారు. నేను పనిచేసిన ఒకచోట లేఅప్‌కు, అంటే పరుగున వెళ్ళి రింగు కిందనుంచి బంతి వేయడానికి, దూసుకెళ్ళిన కుర్రాడు ఆగలేక పోల్‌ను గుద్దుకున్నాడు, నుదుటికి ఐదు కుట్లు. ఆ వారమే పాత కొబ్బరిపీచు పరుపు రెండు ముక్కలు చేసి పోల్‌కు చుట్టి, పైన ధాన్యం ఆరబెట్టే బరకం ముక్క వేసి తాళ్ళతో బిగించాం. పైసా ఖర్చు లేదు. రెండు వానాకాలాలు ఆగింది. పీచుకు పేరుపడ్డ కోనసీమలో ఇది లేని పోల్ కనబడితే నాకు ఒళ్ళు మండుతుంది.

నేల కూడా సామానే అనుకోండి. సార్వా, దాళ్వా కోతలప్పుడు స్కూలు కోర్టు మీద ధాన్యం ఆరబోయడం మన ఊళ్ళలో మామూలే. తీసేశాక చిమ్మినట్టే ఉంటుంది. ఓ రోజు చూస్తుండగా ఓ పిల్ల కాలు నేల మీద మిగిలిన గింజల మీద పడి గోళీల మీద జారినట్టు జారింది. చీలమండ లోపలికి తిరిగింది. ఇంటికి తీసుకెళితే వాళ్ళ నాయనమ్మ వేడి నూనెతో గంటసేపు మర్దనా చేసిందట. తెల్లారేసరికి కాలు బొండంలా ఉబ్బింది. కాబట్టి ఆటకు ముందు కొబ్బరి ఈనెల చీపురుతో కోర్టంతా ఊడవాలి. వానాకాలంలో మూలల్లో పాచి గీకాలి, తడి ఉంటే ఆ రోజు ఆటే వద్దు.

కాలు మడతపడితే చేయాల్సింది మీ అత్తగారి దగ్గర కూర్చుని చెప్పండి, ఆవిడ పెద్దరికం పోకుండా. మొదటి రెండు రోజులు నూనె మర్దనా, వేడి కాపడం, ఘాటు బామ్‌లు వద్దు. ఐసు గుడ్డలో చుట్టి పావుగంట, ఇరవై నిమిషాలు పెట్టి తీసేయాలి. రెండు మూడు గంటలకోసారి మళ్ళీ. ఐసుకు మనకేం లోటు, రొయ్యలు పట్టిన రోజు చెరువు గట్టు మీదే బస్తాలకొద్దీ ఉంటుంది. క్రేప్ బ్యాండేజీ మరీ బిగించకుండా చుట్టి, కాలు దిండు మీద ఎత్తుగా పెట్టాలి. నాలుగు అడుగులు కూడా వేయలేకపోతున్నా, చీలమండ బుడిపె ఎముక మీద నొక్కితే నొప్పి అన్నా అదే రోజు ఎక్స్‌రే తీయించండి. కట్టు వేసేవాళ్ళ దగ్గరకు తర్వాత వెళ్ళొచ్చు. తలకు దెబ్బ తగిలి తికమకగా ఉన్నా, వాంతి అయినా, వెలుగు చూడలేకపోయినా ఆ రోజు ఆట ఆపేసి డాక్టరుకు చూపించాలి, నేను బాగానే ఉన్నానని పిల్ల అన్నా సరే.

ఆవిడ అడిగిన పూచీ సంగతి. ఈ ఆటలో ఎక్కువగా జరిగేది ఎముక విరగడం కాదు, చీలమండ బెణకడం. ఆడపిల్లల విషయంలో ఒక జాగ్రత్త నిజంగానే ఉంది. యుక్తవయసులో మోకాలి లోపలి తాడులాంటి లిగమెంటు తెగడం మగపిల్లల కంటే వాళ్ళకు ఎక్కువ. దీనికి ఏ కొట్లోనూ సామాను దొరకదు, దిగడం నేర్పాలి. ఎగిరి దిగేటప్పుడు మోకాళ్ళు ఒకదానివైపు ఒకటి వాలకుండా, పాదాల మీదుగా వంగుతూ, పిల్లి గోడ దిగినట్టు చప్పుడు లేకుండా దిగాలి. కోచింగ్ అబ్బాయిని అడగండి, ఆటకు ముందు పదిహేను నిమిషాలు ఒంటికాలి మీద నిలబడటం, గుంజీలు, మెత్తగా దిగడం చేయిస్తున్నాడా అని. వారానికి రెండు మూడుసార్లు మానకుండా చేస్తే మోకాలి గాయాలు బాగా తగ్గుతాయి. చేయించడం లేదంటే, సామాను చీటీ రాయడం తప్ప ఇంకేం నేర్పుతున్నాడో నాకు అర్థం కాదు.

నీళ్ళ సీసా సొంతది లీటరుది ఉండాలి, ఒకరి సీసా ఇంకొకరు నోట పెట్టుకోకూడదు. మన ఉక్కలో చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. వేసవిలో ఉదయం ఏడున్నర లోపు, సాయంత్రం ఐదు దాటాకే ఆడించాలి. ఉప్పేసిన మజ్జిగ, కొబ్బరినీళ్ళు చాలు, రంగు డ్రింకులకు డబ్బు తగలేయొద్దు. ఉరిమితే ఇనప పోల్ దగ్గర ఎవరూ ఉండకూడదు, వెంటనే గదుల్లోకి వెళ్ళాలి.

అన్నీ కలిపినా చీటీలో సగానికి కాస్త అటూ ఇటూగా తేలుతుంది. కళ్ళజోడు బదులు వేసే స్పోర్ట్స్ గాగుల్స్ ధర పవరును బట్టి మారుతుంది.

ఇక మీ బాబు రింగు. కొబ్బరిచెట్టుకు మాత్రం వద్దమ్మా. కింద నిలబడి పైకి చూస్తూ గంటలకొద్దీ ఆడేవాడి మీద ఎండుకాయో కమ్మో ఎప్పుడు పడుతుందో చెప్పలేం. పైగా మేకులు దిగిన చోటునుంచి కారే రసం వాసనకు ఎర్రముక్కు పురుగు వస్తుంది, చెట్టు మొవ్వు వాలేదాకా మీకు తెలియదు. ఇటుక గోడ ఉంటే దానికి ఇనప బ్రాకెట్టుతో ఆరపార బోల్టులు వేయించండి, ముందు నూతి గట్టూ కాలవా లేకుండా నాలుగు మీటర్ల చోటు చూసుకుని. వాడి వయసుకు పెద్దవాళ్ళ రింగు ఎత్తు 3.05 మీటర్లు వద్దు, 2.60 చాలు, అంటే ఎనిమిదిన్నర అడుగులు. వెల్డింగ్ షాపులో లోపలి కొలత 45 సెంటీమీటర్లు ఉండేలా రింగు వంచమనండి. చుట్టూ 12 కొక్కేలు, మూతులు లోపలికి మడిచి. నెట్టు కొనక్కర్లేదు. మీ ఆయనకు చెరువు దగ్గర వలలు అల్లేవాళ్ళు తెలిసే ఉంటారు. మందపాటి తెల్ల నైలాను తాడుతో 12 ఉచ్చులు ఎత్తుకుని, 40 నుంచి 45 సెంటీమీటర్ల పొడవున, అడుగున కాస్త ఇరుకుగా అల్లమనండి, బంతి ఒక్క క్షణం ఆగి జారేట్టు.